పొదుపు పాఠాలు రైతుకేనా? నీటి లెక్క చెప్పేదెవరు?

ఏటా ముంగారు దగ్గర పడగానే అధికారుల నోట ఒకే మాట వింటుంటాం. నీళ్లు పొదుపుగా వాడండి, వరి వద్దు, ఆరుతడి వేయండి, డ్రిప్పు పెట్టండి అని. ఆ మాటతో మాకు పేచీ లేదు. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లు కురిస్తే మంచి ఏడాది అనుకునే నేల మనది. వెయ్యి అడుగులు దింపినా తడి తగలని బోర్లు చూశాం. ట్యాంకర్లతో నీళ్లు తోలి చీనీ తోటలను కాపాడుకున్నాం. నీటి విలువ మనకు ఇంకొకరు నేర్పాల్సిన పని లేదు.

మా పేచీ వేరే. పొదుపు చెప్పేవాళ్లు లెక్క చెప్పడం లేదు. కాలువలోకి ఎంత వచ్చింది, దారిలో ఎంత పోయింది, ఏ డిస్ట్రిబ్యూటరీకి ఎంత వదిలారు, చివరి తూముకు ఎంత చేరింది? ఈ నాలుగు ప్రశ్నలకు రైతుకు అర్థమయ్యే జవాబు ఊళ్లో ఎక్కడా రాసి కనబడదు. లెక్క లేని చోట పొదుపు అంటే కింది రైతు నోరు కట్టేయడమే అవుతుంది.

కాగితం మీద 32.5

ముందు హెచ్చెల్సీ సంగతి చూద్దాం. 1976లో అమల్లోకి వచ్చిన బచావత్ ట్రిబ్యునల్ తీర్పు ప్రకారం తుంగభద్ర ఎగువ కాలువ కింద మన రాష్ట్ర వాటా 32.5 టీఎంసీలు. దాని మీద ఆధారపడిన ఆయకట్టు అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల్లో కలిపి సుమారు 2.85 లక్షల ఎకరాలు. తాగునీటికీ ఇందులోంచే తీసుకోవాలి. డ్యామ్‌లో నీళ్లు తగ్గితే తుంగభద్ర బోర్డు అందరి వాటాలూ దామాషాలో కోస్తుంది. అందుకే 32.5 అన్నది చాలా ఏళ్లలో కాగితం మీదే ఉండిపోయింది.

తగ్గడానికి కారణాలు అందరికీ తెలిసినవే. 1953లో పూర్తయినప్పుడు దాదాపు 133 టీఎంసీలు పట్టిన డ్యామ్, పూడిక వల్ల ఇప్పుడు 105 టీఎంసీల చిల్లరకు వచ్చింది. అంటే దాదాపు 27 టీఎంసీల జాగాలో మట్టి ఉంది. పైన కర్ణాటకలో ఎగువ భద్ర ప్రాజెక్టు వస్తోంది. దానికి 2023–24 కేంద్ర బడ్జెట్‌లో 5,300 కోట్లు ప్రకటించారు. ఇవి చాలవన్నట్టు 2024 ఆగస్టు 10 రాత్రి డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. నిండిన డ్యామ్‌లోంచి వారం రోజులు నీళ్లు నదిలోకి పోతుంటే చూస్తూ ఉండాల్సి వచ్చింది. మిగతా గేట్లు కూడా పాతబడ్డాయని తేలడంతో 2025లో నిల్వను 80 టీఎంసీల దగ్గరే ఆపుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక్క మాట అడగాలి. ఏడు పదుల ఏళ్ల నాటి గేట్లకు గొలుసులు అరిగిపోతున్నాయని ఏ రైతు చూడాలి? రైతు కయ్యకు గండి పడితే పూడ్చుకోకపోవడం రైతు నిర్లక్ష్యం అంటారు. డ్యామ్‌కే గండి పడితే అది ప్రమాదం అంటారు. ఆ వారం రోజుల్లో పోయిన నీళ్ల ముందు మనం డ్రిప్పుతో మిగిల్చే నీళ్లు ఏపాటివి?

మన సరిహద్దు దాటాక కూడా లెక్క తేలదు. డ్యామ్ నుంచి సుమారు 105 కిలోమీటర్లు కర్ణాటకలో పారి కాలువ మన జిల్లాలోకి వస్తుంది. సరిహద్దు దగ్గర కొలిచిన నీటికీ, పీఏబీఆర్, మిడ్ పెన్నార్ దాకా చేరిన నీటికీ మధ్య తేడా ఎంత? ఆ తేడాలో ఆవిరి ఎంత, ఊట ఎంత, దొంగ తూముల పాలైంది ఎంత? ఒక చిన్న లెక్క వేసి చూడండి. 32.5 టీఎంసీల్లో పదో వంతు దారిలో లెక్కకు రాకుండా పోతే అది 3.25 టీఎంసీలు. 28,500 ఎకరాల ఆయకట్టుకు రావాల్సిన వాటా అది. చివరి ఆయకట్టు ఎండిపోవడానికి కరువే కారణమని చెప్పేముందు ఈ లెక్క బయట పెట్టాలి.

కళ్లెదుట పారే నీళ్లు

ఇక హంద్రీ–నీవా. మల్యాల దగ్గర శ్రీశైలం వెనుక జలాలను ఎత్తిపోసి, 40 టీఎంసీలతో 6.025 లక్షల ఎకరాలకు నీళ్లిస్తామన్నారు. మొదటి దశలో 1.98 లక్షలు, రెండో దశలో 4.045 లక్షల ఎకరాలు. 2012లో జీడిపల్లికి నీళ్లు వచ్చాయి. 2025లో మొదటి దశ కాలువను 3,850 క్యూసెక్కులు పారేలా వెడల్పు చేశారు. అదే ఏడాది ఆగస్టులో నీళ్లు కుప్పం దాకా వెళ్లాయి. ఇది మంచిదే. కుప్పం రైతూ మన రైతే, అక్కడి బోర్లూ మన బోర్ల లాగానే ఎండాయి.

కానీ ప్రధాన కాలువ పక్కన చేను ఉండి, అందులోకి చుక్క పారని రైతులు మన జిల్లాలో ఎంతమంది ఉన్నారో గుర్తు చేసుకోండి. నీళ్లొచ్చి ఇన్నేళ్లయినా మొదటి దశ కిందే పిల్ల కాలువలు పూర్తి కాలేదు. పిల్ల కాలువ లేని ప్రాజెక్టుకు ఆయకట్టు ఉండదు, కాలువ గట్టు మాత్రమే ఉంటుంది. చెరువులు నింపుతున్నాం కదా అంటారు. నింపడం మంచిదే, కానీ చెరువు నింపడం దయ, ఆయకట్టుకు నీళ్లివ్వడం హక్కు. దయకు తేదీ ఉండదు, ఎవరినైనా బతిమాలుకోవాలి. హక్కుకు ఒక వంతు, ఒక గంట, ఒక కొలత ఉంటాయి.

పోనీ ఆ 40 టీఎంసీలూ వచ్చాయనే అనుకుందాం. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఎకరా అంటే 43,560 చదరపు అడుగులు. 40 టీఎంసీలను 6.025 లక్షల ఎకరాలకు పంచితే ఎకరాకు నిలిచేది ఒకటిన్నర అడుగు నీళ్లు. దారిలో పోయేది, తాగునీటికి తీసేది ఇంకా తీయలేదు. వరికి నాలుగడుగుల దాకా కావాలి. ఈ కాలువ మొదటి నుంచీ ఆరుతడి కాలువే. కాబట్టి ప్రతి అంగుళానికీ లెక్క ఉంటేనే అది నడుస్తుంది. లెక్క లేకుండా నడిపితే పై రైతుకు వరి, కింది రైతుకు వలస.

లైనింగ్ ఎవరి పొదుపు?

రెండో దశ కాలువకు కాంక్రీటు లైనింగ్ వేస్తామంటే 2025లో ఊళ్లకు ఊళ్లు ఎదురు తిరిగాయి. లైనింగ్ వేస్తే ఊట ఆగి నీళ్లు మిగులుతాయని, తొందరగా కిందికి పోతాయని ఇంజనీర్ల వాదన. అది లెక్క ప్రకారం తప్పు కాదు. కానీ ఆ ఊట ఎక్కడికి పోతోంది? కాలువకు అటూ ఇటూ ఉన్న బోర్లలోకి. పిల్ల కాలువ ఇవ్వని చోట రైతుకు ఈ ప్రాజెక్టు నుంచి అందుతున్నది ఆ ఊట ఒక్కటే. ఇంజనీరు పుస్తకంలో నష్టం అని రాసిన ఆ నీళ్లే రైతు బోరులో పంటగా మారుతున్నాయి.

మేము లైనింగ్‌కు ఎప్పటికీ వ్యతిరేకం అని చెప్పడం లేదు. హెచ్చెల్సీలో గట్లు కుంగి నీళ్లు చవుడు భూముల పాలయ్యే చోట మరమ్మతు చేసి తీరాల్సిందే. ఆ కాలువ ఆధునికీకరణ పూర్తి కాలేదని అడుగుతున్నదీ మనమే. మేము అడిగేది వరుస. ముందు పిల్ల కాలువలు, తర్వాత లైనింగ్. ఒక చేత్తో ఊట ఆపేసి, రెండో చేత్తో తూము ఇవ్వకపోతే దాన్ని పొదుపు అనరు, లాక్కోవడం అంటారు. లైనింగ్ వల్ల మిగిలే నీళ్లు ఎన్ని, అవి ఏ ఆయకట్టుకు పోతాయో రాతలో ఇచ్చాకే పని మొదలుపెట్టాలి.

చట్టంలో ఉన్నదే అడుగుతున్నాం

లెక్క అడగడం గొంతెమ్మ కోరిక కాదు. 1997లో రైతుల చేతికి నీటిపారుదల నిర్వహణ అప్పగిస్తూ చట్టం చేశారు. సాగునీటి వినియోగదారుల సంఘాలు, వాటిపైన డిస్ట్రిబ్యూటరీ కమిటీలు, ఆపైన ప్రాజెక్టు కమిటీలు అందులోంచి వచ్చినవే. వారబందీ తయారు చేయడం, ఆయకట్టుదారుల పట్టిక ఉంచడం, నీటి పారుదలను గమనించడం, నీటి బడ్జెట్ వేయడం, సోషల్ ఆడిట్ జరపడం ఆ సంఘాల పనులని చట్టమే చెప్తోంది.

2024 డిసెంబరులో ఈ సంఘాలకు మళ్లీ ఎన్నికలు జరిగాయి. అధ్యక్షుల పేర్లు ఊళ్లో అందరికీ తెలుసు. కానీ సంఘం వేసిన నీటి బడ్జెట్ ఎవరైనా చూశారా? సోషల్ ఆడిట్ సభకు ఎవరికైనా పిలుపు వచ్చిందా? సంఘం అంటే పూడికతీత బిల్లు మీద సంతకం అన్నట్టు మారితే, నీటి తీరువా కట్టే రైతుకు ఆ సంఘంతో పనేముంది? జిల్లాలో ఐఏబీ సమావేశం జరిగినప్పుడు ఎమ్మెల్యేలు తమ నియోజకవర్గానికి ఇన్ని నీళ్లు అని వాదించుకుంటారు. అక్కడ తేలాల్సింది నియోజకవర్గాల వాటా కాదు, తూముల వాటా.

మన పెద్దలు ఈ పని లేకుండా చెరువులు నడపలేదు. చెరువు కింద నీరుగంటి ఉండేవాడు. ఏ మడికి ఎంతసేపు మడవ తిప్పాలో అతనిదే బాధ్యత. దశబంధం మాన్యాలు చెరువు మరమ్మతుకే ఉండేవి. ఆ రోజుల్లో కులం, పెత్తనం ఎంత ఉండేవో మనకు తెలుసు, వాటిని తిరిగి కోరుకోవడం లేదు. కానీ నీళ్లకు ఒక బాధ్యుడు, ఒక వంతు ఉండాలన్న పద్ధతి మాత్రం సరైనదే. ఇవాళ కాలువల మీద లష్కర్ పోస్టులు ఖాళీగా పెట్టి, షట్టర్లకు తుప్పు పట్టించి, నీళ్లు సక్రమంగా పారాలంటే ఎలా?

పంజాబు, హర్యానా కాలువల కింద వారబందీ గడియారం ప్రకారం నడుస్తుంది. వారంలో ఉన్న 168 గంటలను ఒక తూము కింది రైతులందరికీ భూమిని బట్టి పంచుతారు. ఎవరి వంతు ఏ రోజు, ఏ గంటకు మొదలై ఎప్పుడు ముగుస్తుందో రాతలో ఉంటుంది. అక్కడా తగాదాలు ఉన్నాయి. కానీ తగాదా పడడానికి చేతిలో ఒక కాగితం ఉంది. మనకు అదీ లేదు.

బోరు మీద ఒక కన్ను, ఇసుక మీద ఏ కన్ను?

భూగర్భ జలాల కోసం 2002లో వాల్టా చట్టం వచ్చింది. బోరు వేయాలంటే అనుమతి, తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు అయితే ఆంక్ష. అదే చట్టం ఇసుక తవ్వకాన్ని కూడా కట్టడి చేస్తుంది. పెన్నా, చిత్రావతి, వేదవతి ఒడ్డున ఉన్న ఊళ్లవాళ్లకు తెలుసు, ఏటి ఇసుకే ఆ ఊరి బోర్లకు నీటి తొట్టి అని. రైతు బోరు బండి వస్తే కాగితాలు అడిగే చట్టం, రాత్రిపూట ఇసుక లారీ పోతే ఎందుకు నిద్రపోతుంది?

ఆంక్షలతోనే నీళ్లు మిగలవని మన జిల్లాలోనే రుజువైంది. 2003 తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనే పథకం నడిచింది. రైతులే, అందులో మహిళా రైతులు కూడా, వాన కొలిచారు, బోర్లలో నీటి మట్టం కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, భూమిలో ఉన్న నీళ్లు ఇన్ని, వేయాలనుకున్న పంటలకు కావాల్సినవి ఇన్ని అని లెక్క వేసి అందరికీ కనబడేలా పెట్టారు. ఏ పంట వేయాలో ఎవరినీ ఎవరూ శాసించలేదు. లెక్క కళ్లెదుట ఉంటే చాలామంది తామే వరి తగ్గించుకున్నారు. బోరు కింద చేయగలిగిన పనిని కాలువ కింద చేయలేమా?

ఎగువ రైతు, దిగువ రైతు

ఒక మాట మనలో మనం చెప్పుకోవాలి. కాలువకు మోటార్లు పెట్టేవాళ్లూ, తూము పగలగొట్టేవాళ్లూ, ఆరుతడి ఆయకట్టులో వరి నాటేవాళ్లూ రైతులే. దిగువన శెనక్కాయ ఎండుతుంటే ఎగువన వరి నిండా నీళ్లు నిలవడం న్యాయం కాదని మన సంఘం గట్టిగా చెప్పాలి. ఓట్ల కోసం పార్టీలు ఈ మాట చెప్పలేవు. మనం చెప్పగలం, ఎందుకంటే ఎగువ రైతూ దిగువ రైతూ ఇద్దరూ మన సభ్యులే. అయితే ఎగువ రైతు ఎందుకు అలా చేస్తున్నాడో కూడా చూడాలి. మళ్లీ నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియనప్పుడు వచ్చిన రోజే నిండా పెట్టుకుంటాడు. వంతు నమ్మకంగా వస్తుందని తెలిస్తే ఆరుతడి వేస్తాడు. ఆరుతడి పంటకు గిట్టుబాటు ధర కూడా ఉండాలి. ధర లేని పంటను వేయమని చెప్పడం సలహా అనిపించుకోదు.

అందుకే ఈ ముంగారుకు ముందు ప్రతి గ్రామ శాఖ ఈ కోర్కెలను తమ సాగునీటి సంఘం ముందు, ఇంజనీర్ల ముందు పెట్టాలి.

ఒకటి: సరిహద్దు నుంచి చివరి తూము దాకా ప్రతి డిస్ట్రిబ్యూటరీ మొదట్లోనూ చివర్లోనూ కొలత పరికరాలు పెట్టాలి. రోజువారీ లెక్కను గ్రామ సచివాలయం గోడ మీద రాయాలి.

రెండు: హంద్రీ–నీవా మొదటి దశ పిల్ల కాలువలు పూర్తి చేసే తేదీ ప్రకటించాలి. అప్పటిదాకా రెండో దశలో లైనింగ్ ఆపాలి.

మూడు: తుంగభద్ర డ్యామ్ గేట్ల తనిఖీ నివేదికలను ఏటా రైతుల ముందు పెట్టాలి. పూడిక వల్ల పోయిన నిల్వకు బదులుగా హెచ్చెల్సీకి వరద నీళ్లు తెచ్చే సమాంతర కాలువపై ప్రభుత్వం తన మాట తేల్చాలి.

నాలుగు: ప్రతి సాగునీటి సంఘం నీళ్లు వదలకముందే నీటి బడ్జెట్, వారబందీ పట్టిక చదివి వినిపించాలి. పంట అయ్యాక సోషల్ ఆడిట్ సభ పెట్టాలి. లష్కర్ ఖాళీలు నింపాలి.

ఐదు: ఏటి ఇసుకపై వాల్టాను అమలు చేశాకే రైతు బోరు జోలికి రావాలి.

1937లో శ్రీబాగ్ ఒప్పందం నాటి నుంచి సీమకు నీటి విషయంలో మాటలు చాలానే ఇచ్చారు. మాటలను మనం గుర్తు పెట్టుకున్నాం, ఇచ్చినవాళ్లు మరిచిపోయారు. లెక్క అయితే అలా మరిచిపోవడం కుదరదు. కాబట్టి ఈసారి నీళ్లు ఇవ్వండి అని మాత్రమే అడగొద్దు. ఎన్ని వచ్చాయి, ఎక్కడికి పోయాయి అని కూడా అడుగుదాం. ప్రతి శాఖా ఒక నోటు పుస్తకం కొని, తమ తూముకు నీళ్లు వచ్చిన తేదీ, ఆగిన తేదీ, తడిసిన ఎకరాలు రాయడం మొదలుపెట్టాలి. వచ్చే ఐఏబీ సమావేశం నాటికి ఆ పుస్తకాలన్నీ జిల్లా కమిటీకి చేరాలి. అధికారుల లెక్కకు ఎదురుగా మన లెక్క బల్ల మీద ఉండాలి.