ఎవరి చేతికి అందింది?

ధర్మపురి అనగానే మనలో చాలామందికి గోదావరి ఒడ్డునున్న జగిత్యాల జిల్లా ధర్మపురి గుర్తుకొస్తుంది. ఈసారి మేము మాట్లాడదలచింది తమిళనాడులోని ధర్మపురి గురించి. అది మనకు మరీ దూరమేమీ కాదు. హైదరాబాదు నుంచి కర్నూలు, అనంతపురం మీదుగా బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారే హోసూరు, కృష్ణగిరి దాటి ధర్మపురి మీదుగా సేలం వైపు సాగుతుంది. కుప్పం నుంచి చూస్తే మధ్యలో ఉన్నది కృష్ణగిరి జిల్లా. ఆ ప్రాంతంలో తరాలుగా తెలుగు మాట్లాడుకునే ఇళ్లూ ఉన్నాయి.

1965లో సేలం నుంచి విడిపోయి ఏర్పడిన జిల్లా ఇది. 2004లో ఇందులోంచి కృష్ణగిరి విడిపోయింది. మెట్ట నేల, రాగి చేలు, అడుగంటిన బోర్లు, పని కోసం బెంగళూరుకూ తిరుప్పూరుకూ వలసపోయే తల్లిదండ్రులు. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడు అక్షరాస్యత 80 శాతం ఉంటే ధర్మపురిది 68.5 శాతం. రాష్ట్రంలో అందరికంటే వెనకున్న జిల్లా అదే. అలాంటి చోట గవర్నమెంటు బడిలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు చదివే పిల్లలకు సైన్సు ఎలా అందుతోంది? ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మన రాష్ట్రాలకూ పనికొస్తుందని మా నమ్మకం.

తమిళనాడు ప్రభుత్వం 2022 నవంబరు 28న తిరుచ్చిలో 'వానవిల్ మండ్రం' అనే పథకాన్ని ప్రారంభించింది. వానవిల్ అంటే మన హరివిల్లు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లల కోసం, 13,200కు పైగా ప్రభుత్వ బడుల్లో, సైన్సునూ లెక్కల్నీ ప్రయోగాల ద్వారా చూపించడం దాని ఉద్దేశం. సైన్సు, లెక్కలు చదువుకున్న 710 మంది యువతీ యువకులు పరికరాలు వెంటబెట్టుకుని బడి నుంచి బడికి తిరుగుతారు. ఆరంభంలో ప్రకటించిన ఖర్చు 25 కోట్ల రూపాయలు.

మంచి పనిని మంచి పని అనే చెప్పాలి. డబ్బున్న బడులకే పరిమితమైన ప్రయోగాన్ని పల్లె బడి గుమ్మం దాకా తెచ్చినందుకు ఈ పథకాన్ని మేము మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాం. అయితే ఒకసారి లెక్క వేద్దాం. 13,200 బడులకు 710 మంది అంటే ఒక్కొక్కరికి 18 లేదా 19 బడులు. రోజుకో బడికి వెళ్లినా, ఒక బడికి ఆ మనిషి మళ్లీ వచ్చేసరికి దాదాపు నెల పడుతుంది. ఖర్చును పంచి చూస్తే బడికి 19 వేల రూపాయలు కూడా రాదు. అందుకే ఎన్ని బడులకు చేరింది అన్న లెక్క ఒక్కటే చాలదు. బడి లోపలికి వెళ్లి ఇంకో ప్రశ్న వేయాలి. ఆ పరికరం ఎవరి చేతికి అందింది?

ఒక ఏడో తరగతి గదిని ఊహించుకోండి. నలభై మంది పిల్లలు, బల్ల మీద ఒకటే కిట్టు, చేతిలో ఉన్నది ఒక గంట. ముందు వరసలో చురుకైన పిల్లలు నలుగురైదుగురు. వైర్లు కలిపేది వాళ్లే, బల్బు వెలిగించేది వాళ్లే. ఆడపిల్లలకు నోట్సు రాసే పని వస్తుంది, ఎందుకంటే వాళ్ల అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. వెనక నిలబడ్డ పిల్లలకు ముందున్న వాళ్ల తలలే కనిపిస్తాయి. గంట కొట్టగానే కిట్టు పెట్టెలోకి పోతుంది. రిజిస్టరులో మాత్రం నలభై మంది పిల్లలు ప్రయోగం చేసినట్టు పడుతుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. కానీ వెనక నిలబడేది ఎప్పుడూ ఒకే రకం పిల్లలైతే, అక్కడ ఏదో అన్యాయం జరుగుతున్నట్టే.

మన దేశంలో 'ముట్టుకోవడం' అన్న మాటకున్న బరువు మనకు తెలియనిది కాదు. ఫలానా వాళ్లు బావి ముట్టకూడదు, గ్లాసు ముట్టకూడదు, గుడి గడప ముట్టకూడదు అని తరాల తరబడి చెప్పిన సమాజం ఇది. సైన్సు చెప్పేది సరిగ్గా దానికి ఎదురు: ముట్టుకో, తిప్పి చూడు, కొలిచి చూడు, నేను చెప్పానని నమ్మకు. ముట్టుకోవద్దని తాతముత్తాతలకు చెప్పిన సమాజంలోనే ఒక పిల్ల చేతిలో భూతద్దం పెట్టి 'చూడమ్మా' అనడం చిన్న సంగతి కాదు.

ధర్మపురిలో ఈ మాట ఇంకా పదునుగా తగులుతుంది. 2012 నవంబరు 7న ఆ జిల్లాలో ఒక కులాంతర వివాహాన్ని సాకుగా చేసుకుని మూడు దళిత వాడల్లో ఇళ్లు తగలబెట్టారు. ఆ మంటల తర్వాత పుట్టి పెరిగిన పిల్లలే ఇప్పుడు ఈ తరగతుల్లో కూర్చుంటున్నారు. బడుల్లో కులపు చిచ్చును ఆపడానికి ఏం చేయాలో చెప్పమని తమిళనాడు ప్రభుత్వం నియమించిన జస్టిస్ కె. చంద్రు కమిటీ 2024 జూన్‌లో నివేదిక ఇచ్చింది. కులాన్ని చూపించేలా పిల్లలు చేతులకు కట్టుకునే రంగుల పట్టీలను నిషేధించాలన్నది అందులో ఒక సూచన. ఏ చేతికైతే పట్టీ కడుతున్నారో ఆ చేతికే బీకరూ అందాలి. ప్రయోగానికి జట్లు వేసేటప్పుడు టీచరు ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెడుతున్నారు, ఒకే గ్లాసులో నీళ్లను ఎవరెవరు కలుపుతున్నారు అన్నవి కూడా సైన్సు పాఠంలో భాగమే.

ఇక ఏం నేర్పాలి? హైదరాబాదులోనో చెన్నైలోనో తయారైన రోబో బొమ్మతోనే మొదలుపెట్టాలా? ధర్మపురి పిల్లలకు సైన్సు పాఠం వాళ్ల ఇంటి బిందెలోనే ఉంది. ఈ జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. గ్రానైటు లాంటి గట్టి రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. బోరు లోతుకు పోయేకొద్దీ, నీరు ఎక్కువ కాలం ఆ రాళ్ల మధ్య నిలవ ఉండేకొద్దీ, అది పెరిగే అవకాశం ఎక్కువ. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము దాటకూడదని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. వేరే నీళ్లు దొరకని చోట ఒకటిన్నర దాకా సరిపెట్టుకోవచ్చు. చిన్న వయసులో, చిగురు లోపల పళ్లు తయారవుతున్నప్పుడు, తాగిన నీళ్లలోని ఫ్లోరైడ్ తర్వాత వచ్చే శాశ్వత దంతాల మీద మచ్చలుగా బయటపడుతుంది. అంటే ఏడో తరగతి పిల్ల నవ్వులో, ఆ పిల్ల నాలుగేళ్ల వయసులో తాగిన నీటి చరిత్ర కనిపిస్తుంది.

ఈ బాధ తెలుగువాళ్లకు కొత్తది కాదు. 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో వైద్యులు ఫ్లోరోసిస్‌ను గుర్తించి నమోదు చేశారు. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే స్థిరపడింది. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు జపాన్ ఆర్థిక సాయంతో, 1,900 కోట్ల రూపాయలకు పైగా ఖర్చుతో, కావేరి నీటిని అందించే హొగెనక్కల్ పథకం 2013లో ప్రారంభమైంది. అయినా కుళాయి రాని రోజున ఏ ఊరైనా మళ్లీ బోరు దగ్గరికే వెళ్తుంది.

అలాంటి ఊళ్లో పిల్లలు చేయదగ్గ సైన్సు ఎంతో ఉంది. ఊరి పటం గీసి ఎక్కడెక్కడ బోర్లున్నాయో గుర్తు పెట్టవచ్చు. ఒక్కో బోరు లోతు ఎంతో పెద్దవాళ్లను అడిగి రాసుకోవచ్చు. రంగు మారితే ఫ్లోరైడ్ ఎంతుందో చెప్పే క్షేత్ర పరీక్ష కిట్లతో నీటిని చూడవచ్చు. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు స్త్రీలకు ఈ కిట్లు వాడటం నేర్పాలన్న నియమం ఉంది. ఆ అక్కలే బడికొచ్చి పిల్లలకు చూపిస్తే కొత్తగా పెట్టాల్సిన ఖర్చు దాదాపు లేనట్టే. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి కొలిచి గ్రాఫు గీస్తే లెక్కలూ వస్తాయి, భూగోళమూ వస్తుంది. ఆ గ్రాఫును గ్రామసభలో చదివితే పౌరశాస్త్రం కూడా వచ్చినట్టే. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు: పరీక్షించాల్సింది నీళ్లను, పిల్లల నోళ్లను కాదు. మచ్చల పళ్ల పిల్లను తరగతి ముందు నిలబెట్టి చూపించే పాఠం పాఠం కాదు.

దేశవ్యాప్తంగా నడుస్తున్న పెద్ద పథకాన్ని కూడా ఈ కళ్లతోనే చూడాలి. అటల్ టింకరింగ్ ల్యాబుకు ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా వస్తుంది. త్రీడీ ప్రింటరు, సెన్సర్లు, ఎలక్ట్రానిక్స్ అన్నీ ఉంటాయి. పనికొచ్చేవే. కానీ దరఖాస్తు పెట్టాలంటే మైదాన ప్రాంతంలో 1,500 చదరపు అడుగుల కట్టడం చూపించాలి. రెండు గదుల్లో మూడు తరగతులు నడిపే పల్లె బడి ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఉన్నవాడికే ఇంకొంచెం పెట్టే పద్ధతి ఇది. వానవిల్ మండ్రం లెక్కన చూస్తే ఆ 20 లక్షలు వందకు పైగా బడులకు సరిపోతాయి. రెండూ ఉండాలనే మేమంటాం. ముందు వంతు మాత్రం లేనివాళ్లది.

'ముందు చదవడం, రాయడం సరిగ్గా రానివ్వండి, ప్రయోగాలు తర్వాత' అనేవాళ్లున్నారు. ఆ మాటను మేము తీసిపారేయం. ఏడో తరగతికొచ్చినా భాగహారం రాని పిల్లలున్నారన్నది నిజం. అయితే భాగహారం ఎందుకో తెలిసేది కూడా ఏదో ఒకదాన్ని కొలిచి పంచినప్పుడే. థర్మామీటరు గీతలు చదివే పిల్లకు దశాంశాలు అర్థమవుతాయి. రాయడం రాని పిల్లవాడికి, తాను చేసిన ప్రయోగం గురించి రాయమంటే, రాయడానికి ఏదో ఒకటి ఉంటుంది. టీచర్ల పని భారం మాత్రం నిజమైన సమస్యే. నెలకోసారి ఒకరొచ్చి చూపించిపోతే, మిగతా రోజుల్లో ఆ టీచరుకు చేతిలో సామగ్రీ ఉండాలి, తీరికా ఉండాలి.

దీనికి మన దేశంలోనే ఒక పాత పాఠం ఉంది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక బడుల్లో ఒక సైన్సు బోధన కార్యక్రమం మొదలైంది. దాన్ని మొదలుపెట్టింది కిశోర్ భారతి అనే సంస్థ, క్వేకర్ క్రైస్తవులు రసూలియాలో నెలకొల్పిన ఫ్రెండ్స్ రూరల్ సెంటర్. సరిగ్గా ఆరు, ఏడు, ఎనిమిది తరగతులే. ప్రయోగం పాఠానికి అదనం కాదు, ప్రయోగమే పాఠం. పరీక్షలో పుస్తకం తెరిచి పెట్టుకోవచ్చు, ప్రయోగం చేసి చూపించాలి. టీచర్లు నెలనెలా కలుసుకుని తమ ఇబ్బందులు చెప్పుకునేవారు. తర్వాత ఏకలవ్య సంస్థ బాధ్యత తీసుకుంది. అది వెయ్యి బడుల దాకా పాకింది. ముప్పై ఏళ్లు నడిచాక 2002లో ప్రభుత్వం మూసేసింది. ఇందులో మనం నేర్చుకోవాల్సినవి రెండు. పరీక్ష మారకపోతే ప్రయోగం పండగ రోజు పాయసంలా మిగులుతుంది. ఊళ్లోని తల్లిదండ్రులు తమదనుకుని అడ్డు నిలవకపోతే, ఎంత మంచి కార్యక్రమమైనా ఒక్క ఉత్తర్వుతో ఆగిపోతుంది.

దగ్గర్లో ఆశ కలిగించేవీ ఉన్నాయి. 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్ కుప్పం దగ్గర 172 ఎకరాల్లో సైన్సు కేంద్రాన్ని నడుపుతోంది. దాని బండ్లు పల్లె బడులకు ప్రయోగాలు మోసుకెళ్తాయి. అక్కడ మాకు నచ్చేది, నేర్చుకున్న పిల్లలే మిగతా పిల్లలకు చెప్పే పద్ధతి. ధర్మపురి జిల్లాలోనే సిట్టిలింగి లోయలో, ఆదివాసీ పిల్లల మధ్య, 'తులిర్' అనే చిన్న కేంద్రం బడి వేళల తర్వాత చేతిపనినీ చదువునూ కలిపి నేర్పుతూ వచ్చింది. తులిర్ అంటే చిగురు.

ఇక మన సంగతి. తెలుగు రాష్ట్రాల్లో సంఘాల ఆధ్వర్యంలో నడిచే హైస్కూళ్లు చాలా ఉన్నాయి. వాటిలో కొన్నిట్లో ల్యాబు గది ఉంటుంది, అద్దాల బీరువా ఉంటుంది, బీరువాకు తాళం ఉంటుంది. ఇన్‌స్పెక్షన్ రోజున తీసి మళ్లీ వేస్తారు. ఆ తాళం శనివారం మధ్యాహ్నం తీసి, పక్క వాడలోని గవర్నమెంటు బడి పిల్లల్ని పిలవలేమా? సంఘంలో రిటైరైన సైన్సు మేష్టార్లు, నర్సులు, ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. నెలకు రెండు గంటలు ఇవ్వమని అడగలేమా? గాయాన్ని తాకి చూస్తే తప్ప నమ్మనన్న తోమాను ప్రభువు కసురుకుని పంపేయలేదు, చెయ్యి చాపమన్నాడు. ప్రశ్న అడిగిన పిల్లను కూర్చోబెట్టేసే అలవాటు మన బడుల్లో ఎందుకుండాలి?

పాఠకులను మేము కోరేది చిన్న పని. ఈ నెలలో మీ ఊరి గవర్నమెంటు బడికి ఒకసారి వెళ్లండి. హెడ్‌మాస్టరు గారిని గౌరవంగా పలకరించి, ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లల గురించి మూడు సంగతులు తెలుసుకోండి. కిట్టు బయటికి తీసి ఎన్నాళ్లయింది? చివరిసారి ప్రయోగం చేసిన చేతుల్లో ఆడపిల్లలవి ఎన్ని, వాడ పిల్లలవి ఎన్ని? ఊరి నీళ్ల గురించి పిల్లలు ఎప్పుడైనా ఏమైనా కొలిచారా? తప్పు పట్టడానికి వెళ్లకండి, సాయం చేయడానికి వెళ్లండి. పరికరాలు తక్కువైతే ఏమి తక్కువో రాసుకుని రండి.

పథకాల పేర్లు మారుతుంటాయి, ప్రభుత్వాలూ మారుతుంటాయి. పన్నెండేళ్ల వయసు మాత్రం ఏ పిల్లకూ రెండోసారి రాదు. ధర్మపురిలోనైనా, మన ఊళ్లోనైనా, వెనక వరసలో నిలబడ్డ ఆ పిల్లను ఈ శనివారమే బల్ల దగ్గరికి పిలుద్దాం.