తుప్పుతో పాటు పేరూ పోయింది

మొన్న దసరాకి నాగర్‌కర్నూల్ పోయిన. ఇల్లు సర్దుతుంటే అటక మీద పాత తుపాకీ దొరికింది. దాదాపు మనిషెత్తు పొడవు, నిండా తుప్పు. "గా ఇనుపముక్క ఎందుకు బిడ్డా, పాత సామానోడికి ఎయ్యి" అంది అవ్వ. నేనేమో ఇన్‌స్టాలో పెడదామని ఎమిరీ పేపర్ తెచ్చి రుద్దిన. గంటలో తళతళ! లైకులూ బాగానే వచ్చినయ్.

రాత్రి కూర్చొని దాని గురించి చదివితే గుండె జారింది. అది చెకుముకి తుపాకీ. గుర్రంలో బిగించిన రాయి ఉక్కు రేకును కొడితే నిప్పురవ్వలు రాలి మందు అంటుకుంటది. గొట్టాన్ని కట్టెకు పట్టి ఉంచే మూడు లోహపు పట్టీలు ఫ్రెంచి సైనిక తుపాకుల పద్ధతి. ఆ కాలపు బ్రిటిష్ బ్రౌన్ బెస్‌కు పట్టీలుండవు, సన్నటి సీలలుంటయ్.

ఫ్రెంచోళ్లు మన దగ్గరికెట్ల వచ్చిన్రు అంటరా? మెట్రోలో మూసారాంబాగ్ స్టేషన్ దాటే ఉంటరు. ఆ పేరు నిజాం కొలువులో పనిచేసిన ఫ్రెంచి జనరల్ రేమండ్‌ది. గన్‌ఫౌండ్రీ ఆయన పెట్టించిన ఫిరంగుల కార్ఖానానే. 1795 ఖర్దా యుద్ధంలో ఆయన పటాలం కొట్లాడింది. 1798 మార్చిలో ఆయన పోయిండు. అదే అక్టోబర్‌లో బ్రిటిష్‌వాళ్లు ఆ పటాలం చేతిలోని ఆయుధాలన్నీ దించేయించిన్రు.

ఫ్రెంచి తుపాకుల మీద తయారైన కార్ఖానా పేరు, షార్లెవిల్ అనో సెంట్ ఎటియెన్ అనో, గుర్రం పక్కనున్న రేకు మీద చెక్కి ఉంటది. నేను ఎక్కువ రుద్దింది సరిగ్గా అక్కడే. రుద్దక ముందు తీసిన ఒక్క ఫొటోలో ఏవో గీతలు కనిపిస్తున్నయ్. జూమ్ చేస్తే మసకే.

మీ ఇంట్లో ఇట్లాంటిది దొరికితే ముందు మూతి మీ వైపు లేకుండా పెట్టండి. గొట్టంలో పాత మందు ఉండొచ్చు. తెలిసినవాళ్లకు చూపించేదాకా గుర్రం ముట్టొద్దు. అన్ని వైపులా ఫొటోలు తీయండి. ఎమిరీ, నిమ్మకాయ, ఆసిడ్ వద్దు. మెత్తటి బట్ట, కొంచెం నూనె చాలు. రిపేరు చేసినా పేలని పాత తుపాకీకి 1959 ఆయుధాల చట్టం మినహాయింపు ఇస్తది. పేలేటట్టుంటే పోలీస్ స్టేషన్‌లో తేల్చుకోవాల్సిందే.

ఆఫీసులో బ్యాకప్ లేకుండా సర్వర్ మీద ఒక్క లైన్ కూడా ముట్టుకోను. ఇంట్లో మాత్రం రెండు వందల ఏళ్ల డేటాను గంటలో చెరిపేసిన. అవ్వకు చెప్తే ఒక్కటే మాట అంది: "సామానోడికి ఏసినా గంత పాడుగాకపోవు బిడ్డా!"