మూతి వంకర

మొన్నటి చలికాలంలో ఒకనాటి రాత్రి మా వీధి చివరింటావిడ తలుపు తట్టింది. "సారూ, పిల్లగానికి మూతి గుంజుకపోతాంది. జర రాండ్రి" అంది.

వెళ్ళి చూద్దునుగదా, కుర్రవాడి మెడ ఒక పక్కకు మెలి తిరిగింది. దవడ బిగిసింది. కళ్ళు ఇంటి దూలంకేసి నిలిచిపోయాయి. తెలివి మాత్రం ఉంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. వాళ్ళ పెద్దమ్మ మిరపకాయలు దిగదుడుస్తోంది. గాలి సోకిందని ఆవిడ తీర్పు.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి, నాకేం తెలుస్తుంది? అయితే మతి చలించిందని మూడు రోజుల కిందటే అతనికి హాలోపెరిడాల్ మొదలుపెట్టారట. ఆ మందుచీటీ పట్టుకుని ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. డాక్టరుగారు చీటీ చూసి, ప్రోమెథజైన్ సూది వేయించారు. అరగంటలో మెడ తిన్నగా నిలబడింది. కుర్రవాడన్న మొదటి మాట: "అమ్మా, ఆకలైతాంది."

సంగతేమిటంటే, మెదడులో డోపమైన్, ఎసిటైల్‌కోలిన్ అని రెండు పదార్థాలు కాడికి కట్టిన ఎడ్లలాగా కండరాలను నడుపుతుంటాయి. ఈ మందు మొదటిదాన్ని అడ్డుతుంది. రెండోది బండిని తనవైపు లాక్కుపోతుంది. పడుచువాళ్ళలో, మందు పట్టిన నాలుగైదు రోజుల్లోనే ఇది ఎక్కువ. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్‌తోనూ వస్తుంది. గొంతు పట్టేసి ఊపిరాడకపోతే క్షణం ఆగకూడదు.

"ఇగ ఆ మందు వద్దే వద్దు" అంది తల్లి. డాక్టరుగారు ఒప్పుకోలేదు. మోతాదు తగ్గిస్తాం, లేదా మందు మారుస్తాం, మీరై మీరు మానేస్తే జబ్బు తిరగబెడుతుందన్నారు. కొన్నాళ్ళకు పాసిటేన్ బిళ్ళలు రాశారు.

నెలలూ ఏళ్ళూ వాడాక వచ్చే వంకర మరొకటుంది. పెదవులు చప్పరించడం, నాలుక బయటికి రావడం, ఊరికే నమలడం. పెద్దవయసువాళ్ళలో ఇది ఎక్కువ. దీనికి పాసిటేన్ పనిచేయదు, ఒక్కోసారి ముదురుతుంది కూడా. 1931లో కలకత్తాలో గణనాథసేన్, కార్తీకచంద్ర బోసులు పిచ్చికి మందని రాసిన మన సర్పగంధి వేరులో రెసర్పిన్ ఉంది. అది నరాల కొసల్లోని డోపమైన్ నిల్వను తగ్గిస్తుంది. 2017లో అమెరికా ఈ ఆలస్యపు వంకరకు ఆమోదించిన వాల్బెనజైన్‌దీ ఇంచుమించు ఆ దారే!

కుర్రవాడిప్పుడు మరో మందు మీద కులాసాగా ఉన్నాడు. పెద్దమ్మ మాత్రం సూదీ పనిచేసింది, మిరపకాయలూ పనిచేశాయంటుంది. నేను వాదించలేదు. మందుచీటీని మాత్రం వాళ్ళ దేవుడి పటం వెనక భద్రం చేయించి వచ్చాను.