డెబ్భై రోజులు

రెండు నెలల పైనే ఈ కాలమ్ ఆగింది. నానమ్మ పోయింది, ఊళ్లో అమ్మానాన్నల దగ్గరే ఉండిపోయా. మళ్లీ ఈజిప్టు గురించి రాద్దామని కూర్చుంటే ముందు గుర్తొచ్చింది మన నైషు.

హైదరాబాద్‌లో మమ్మీ ఏంటంటారా? బేగంపేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో లైన్ మారి, అసెంబ్లీ స్టేషన్‌లో దిగండి. పక్కనే పబ్లిక్ గార్డెన్స్, అందులో స్టేట్ మ్యూజియం. ఏడో నిజాం 1930లో ఇచ్చిన మమ్మీ అక్కడే ఉంది. యువరాణి నైషు అంటారు. వయసు 2,000 ఏళ్ల పైమాటే.

మమ్మీ తయారీకి 70 రోజులు పట్టేది. నాట్రాన్ అనే ఉప్పులో దాదాపు 40 రోజులు ఆరబెట్టి, నారబట్ట చుట్టేవాళ్లు. మెదడు తీసేసేవాళ్లు, గుండెను మాత్రం లోపలే ఉంచేవాళ్లు. ఆలోచన, జ్ఞాపకం అందులోనే ఉంటాయని వాళ్ల నమ్మకం. పేరు పలికేవాళ్లు ఉన్నంతకాలం మనిషి ఉన్నట్టేననీ అనుకునేవాళ్లు.

ఇవన్నీ నాకు ఇదివరకు క్విజ్ పాయింట్లు. ఇప్పుడు ఆ 70 అంకె దగ్గరే ఆగిపోతున్నా. మనకి పెద్దకర్మ అవగానే లాప్‌టాప్ తెరవాల్సిందే. వాళ్లు మాత్రం పోయినవాళ్ల కోసం రెండు నెలల పైన ఆగారు. ఆ టైమ్ ఉన్నవాళ్లకీ అవసరమే.

మ్యూజియానికి వెళ్తే సెల్ఫీకి ముందు ఒక్కసారి ‘నైషు’ అని పిలవండి. ఆమె కోరుకున్నది బహుశా అంతే.