వాట్సాప్ ఒక్కటే దారి కారాదు

ప్రభుత్వ సేవలకు వాట్సాప్‌ను ముఖద్వారం చేసిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, దానికి దీటైన రెండో దారిని కూడా పౌరులకు చూపాలి. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ మేలు చేయలేదనలేం. విశాఖ ద్వారకా నగర్‌లో గది అద్దెకు తీసుకుని పోటీ పరీక్షలకు చదివే పల్లె విద్యార్థికి ధ్రువపత్రం కోసం ఊరికి పరుగెత్తే పని తప్పడం చిన్న విషయం కాదు. అయితే ఆ ద్వారం తాళంచెవి వాట్సాప్ యజమాని మెటా కంపెనీ చేతిలో ఉంది. 2021 అక్టోబరు 4న ఆ సంస్థ నెట్‌వర్క్ దెబ్బతిని వాట్సాప్ దాదాపు ఆరు గంటలు ప్రపంచమంతటా నిలిచిపోయింది. దరఖాస్తు గడువు ముగిసే రోజున అదే జరిగితే ఆ విద్యార్థికి దిక్కెవరు? యూపీఐని చూడండి: ఫోన్‌పే వాడేవారు గూగుల్ పే ఉన్నవారికి డబ్బు పంపగలుగుతున్నారంటే, ఉమ్మడి వ్యవస్థను ఏ ఒక్క యాప్‌కూ అప్పగించకుండా జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ నడపడం వల్లే. రాష్ట్రమూ ఆ బాట పట్టాలి. ప్రతి సేవా వెబ్‌సైట్‌లోనూ మీసేవలోనూ అంతే సులువుగా దొరకాలి, ఇతర యాప్‌లకూ తలుపు తెరవాలి. 2024 అక్టోబరులో మెటాతో కుదిరిన ఒప్పందం షరతులను, పౌరుల సమాచారం ఎక్కడ ఎంతకాలం నిల్వ ఉంటుందన్న వివరాలను ప్రభుత్వం శాసనసభ ముందుంచాలి.