పెట్టెలో ముప్పై ఒకటి, సొంతం మూడు

పోయిన నెల వర్క్ ఫ్రమ్ హోమ్ అని గుంతకల్లుకి వచ్చా. మధ్యాహ్నానికి ఫ్యాన్ కూడా వేడిగాలే కొడుతోంది. పాత కూలర్ దించుదామని అటక ఎక్కితే, దాని వెనక నా ప్లేస్టేషన్ 2 దొరికింది. పక్కనే ఒక చెప్పుల పెట్టె, దాన్నిండా డిస్కులు.

ఆ పూట ఆఫీసు మీటింగ్‌లో కెమెరా ఆఫ్! పాత టీవీకి ఎర్ర, తెల్ల, పసుపు వైర్లు తగిలించి ఆన్ చేశా. డిస్కు గిర్రున తిరిగింది, టకటకమంది, ఆగింది. ‘ప్లేస్టేషన్ డిస్కు పెట్టండి’ అంటూ తెరంతా ఎర్రగా ఇంగ్లిష్‌లో మెసేజ్. పెట్టింది అదేరా నాయనా!

జబ్బు తెలిసిందే. డిస్కుని చదివే లేజర్ వయసు పెరిగేకొద్దీ నీరసపడుతుంది. మా ఊరి దుమ్ము దానికి తోడు. 2000లో జపాన్‌లో పుట్టి, ప్రపంచమంతా 15 కోట్లకు పైగా అమ్ముడైన మెషిన్ ఇది. తయారీ 2013 నాటికే ఆగిపోయింది. కొత్త లేజర్ వెతికే బదులు, అసలు డిస్కుతో పని లేకుండా చేస్తే?

చేయొచ్చు. స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. ఈ కన్సోల్ ఆన్ అవగానే, డిస్కు సంగతి చూడకముందే, మెమరీ కార్డులో ఏదైనా సిస్టమ్ అప్‌డేట్ ఉందా అని వెతుకుతుంది. ‘ఫ్రీ ఎంసీబూట్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ అప్‌డేట్ వేషం వేసుకుని కార్డులో కూర్చుంటుంది. ఇంటి తాళం పగలగొట్టకుండా, చుట్టం పేరు చెప్పి లోపలికి వచ్చినట్టు! అక్కణ్నుంచి ‘ఓపెన్ పీఎస్2 లోడర్’ అనే ఇంకో ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో ఉన్న గేమ్‌ని డిస్కు అని నమ్మించి నడిపిస్తుంది. ఒక్క జాగ్రత్త: కన్సోల్ వెనక స్టిక్కర్ చూడండి. మోడల్ నంబర్ 90000 సిరీస్ అయితే, అందులో చివర్లో వచ్చినవాటి మీద ఈ కార్డు పనిచేయదు.

ఇన్‌స్టాల్ చేసి ఉన్న మెమరీ కార్డు ఆన్‌లైన్‌లో తెప్పించా. నా ల్యాప్‌టాప్‌కి డిస్కు డ్రైవ్ లేదు కాబట్టి బయట తగిలించే డీవీడీ డ్రైవ్ కూడా కొన్నా. అన్నీ పరుచుకుని కూర్చుంటే, రైల్వేలో రిటైరైన మా నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

“ఏందిరా చేస్తాండావు?”

“నా గేములన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తున్నా నాయనా.”

ఆయన పెట్టెలోకి తొంగిచూసి, “వీటిల్లో మనం దుడ్లు పెట్టి కొనింది ఎన్నిరా?” అన్నాడు.

మామూలుగానే అడిగాడు. నాకే సమాధానం రాలేదు.

కూర్చుని లెక్కపెట్టా. ముప్పై ఒక్క డిస్కులు. అందులో ఇరవై ఎనిమిది బళ్లారిలో కొన్నవి, పైన మార్కర్‌తో పేరు రాసున్న కాపీలు. మా కన్సోల్‌కి కొన్నరోజే చిప్ వేయించాం. చిప్ ఉంటే కాపీలూ ఆడతాయి కదా, ఒరిజినల్ కొనేవాణ్ని పిచ్చోడిలా చూసేవాళ్లం. అసలు డిస్కులు మూడే: క్రికెట్ 07, హనుమాన్: బాయ్ వారియర్, దేశీ అడ్డా.

చివరి రెండూ 2009లో వచ్చాయి. రెండూ మన హైదరాబాద్‌లో తయారైనవే. హనుమాన్‌ని అరోనా టెక్నాలజీస్ చేసింది. పూర్తిగా ఇండియాలోనే తయారైన తొలి ప్లేస్టేషన్ 2 గేమ్‌గా దానికి పేరు. దేశీ అడ్డాని గేమ్‌శాస్త్ర చేసింది. అందులో కబడ్డీ, గాలిపటాలు, మన బిళ్ళంగోడు ఉంటాయి. అప్పుడు నేను ఏడో తరగతి. కసాపురం ఆంజనేయస్వామి మా పక్కనే ఉన్నాడని హనుమాన్ గేమ్‌కి మాత్రం ఇంట్లో డబ్బులిచ్చారు! నిజం చెప్పాలంటే నాకది పెద్దగా నచ్చలేదు. రెండు రోజులాడి, మళ్లీ కాపీ డిస్కు జీటీఏలో కార్లు కొట్టేయడానికి పోయా.

ఇప్పుడు నేనూ కోడ్ రాసే బతుకుతున్నా. రిలీజ్ ముందు రాత్రుళ్లు ఎలా ఉంటాయో తెలుసు. హైదరాబాద్‌లో ఎవరో నాలాంటి ఇంజినీర్లే, ఈ మెషిన్‌కి, మన దేశంలో ముందు ఎవరూ చేయని పని చేశారు. వాళ్ల గేమ్ బాగా అమ్ముడైందా అని ఇరవై ఎనిమిది కాపీలు కొన్న నేను ఏ ముఖం పెట్టుకుని అడగను?

చట్టం ఏమంటుందో చూశా. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 ప్రకారం, సక్రమంగా మన దగ్గరున్న కంప్యూటర్ ప్రోగ్రామ్‌ పాడైపోకుండా బ్యాకప్ కాపీ తీసుకోవచ్చు. 2012లో చేరిన 65ఎ ప్రకారం, వేరేవాళ్ల హక్కుల్ని కాజేసే ఉద్దేశంతో డిజిటల్ తాళాలు దాటితే నేరం. నాకు అర్థమైంది ఇదీ: ఆ మూడూ నావి. మిగతావి పెట్టె నిండా ఉన్నా నావి కాదు.

సరే, మూడే ఎక్కిద్దామనుకున్నా. హనుమాన్ డిస్కు మీద గీతలు. కాపీ సగంలో ఆగిపోయింది. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడిచా. (గుండ్రంగా తుడవకండి, గీత పడితే ట్రాక్ వెంబడే పోతుంది.) మళ్లీ ఆగింది. నచ్చని గేమే కదా, అయినా గుండె దడదడ. మూడోసారికి పూర్తిగా వచ్చింది.

ఇంకో రెండు చిట్కాలు. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేస్తే 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. ముక్కలు చేసే టూల్స్ ఉన్నాయి. ఈ కన్సోల్‌ది పాత యూఎస్‌బీ 1.1, సెకనుకి 12 మెగాబిట్లు మించదు. అందుకే గేమ్ బాగానే నడిచినా మధ్యలో వీడియోలు నత్తి కొడతాయి. అది భరించలేకపోతే స్లిమ్ మోడల్ వెనక నెట్‌వర్క్ పోర్టు ఉంటుంది, ల్యాప్‌టాప్ నుంచి కేబుల్ వేసి ఆడండి.

సాయంత్రం తెర మీద లిస్టు వచ్చింది. మూడే పేర్లు. నాయన బిళ్ళంగోడు ఆడతానన్నాడు. రెండుసార్లు గాల్లో కొట్టి, మూడోసారి బిళ్ళని లేపాడు. “మా కాలంలో ఇంత దూరం పోయేది కాదులే” అని రిమోట్ ఇవ్వకుండా మళ్లీ మొదలుపెట్టాడు.

జీటీఏ లేదని బాధే. జీతం పడగానే సెకండ్ హ్యాండ్‌లో ఒరిజినల్ డిస్కు వెతుకుతా. మీ అటక మీద కూడా ఇలాంటి పెట్టె ఉంటే, కాపీ మొదలుపెట్టే ముందు ఒకసారి లెక్కపెట్టండి. సొంతమైనవి ఎన్నో మీకే తెలుస్తుంది.