రచ్చబండ యెవరిది?

ఊరి రచ్చబండపై నలుగురు గూర్చుండి మాటలాడుకొనునప్పుడు ఆ బండకు యజమానుడు లేడు. ఆ చెట్టునీడకు ఖరీదు గట్టువాడును లేడు. నేడు మన పట్టణవాసులు సుఖదుఃఖములు చెప్పుకొనుటకును, దేశవ్యవహారములు చర్చించుటకును చేరుచున్న రచ్చబండలు ఫేస్‌బుక్కు, ఎక్స్, ఇన్‌స్టాగ్రాము మొదలగునవి. ఇవి పరుల సొత్తు. వానికి మనము రొక్క మిచ్చుట లేదు గావున ఉచితమని భ్రమించుచున్నాము. మన చూపు ఎచట నిలిచినదో, మన మనస్సు దేనికి ఉద్రేకపడినదో కనిపెట్టి, ఆ యెఱుకతో ప్రకటనల నమ్మి ఆ కంపెనీలు ధనము గడించుచున్నవి. అచట మనము కొనుగోలుదారులము కాము, సరకులము.

సరకునకు నోరుండదు. ఈ సత్యము 2022 సంవత్సరమున లోకమునకు స్పష్టమైనది. ఆ యేట అక్టోబరు 27వ తేదీని ఎలాన్ మస్కు 4,400 కోట్ల డాలర్లకు ట్విట్టరును కొనెను. కోట్లాది ప్రజల సంభాషణ ఒక్క సంతకముతో చేతులు మాఱినది. గుర్తింపు చిహ్నము నెలచందా కమ్మబడినది. 2023లో పేరే మాఱిపోయినది. అచట వ్రాయువారిలో ఒక్కని యనుమతియైన నెవ్వ రడిగిరి?

తెలుగువారి కిట్టి యనుభవము క్రొత్త గాదు. యాహూ గ్రూపులలో మనవారు సంవత్సరముల తరబడి సాహిత్యచర్చలు సాగించిరి. 2019లో ఆ కంపెనీ క్రొత్త వ్రాతలను నిలిపి, పాతవానిని తొలగింపనున్నట్లు ప్రకటించెను. 2020 డిసెంబరు 15వ తేదీని గ్రూపులే మూతపడినవి. ఆర్కుటు 2014 సెప్టెంబరు 30వ తేదీననే అంతరించెను. స్నేహములు గట్టినది మనము. కట్టడము పడగొట్టిన వారు వారు.

పరదేశపు కంపెనీలకు బదులు స్వదేశపు కంపెనీ యున్నచో ఈ చిక్కు తీఱునని కొందఱ తలంపు. 2020లో మన దేశమున పుట్టిన కూ అను సామాజిక మాధ్యమము తెలుగుతో సహా అనేక దేశభాషలలో నడచినది. పెట్టుబడిదారులు కోట్లకొలది ధనము పోసిరి. కొనువారు కుదురక, పెట్టుబడి తఱుగగా, 2024 జూలైలో అదియు మూతపడినది. దానిని నడపినవారి శ్రద్ధను మేము శంకింపము. కాని స్వదేశిత్వము వేఱు, స్వాధీనత వేఱు. యజమాని మనదేశమువాడైన మాత్రమున ఇల్లు మనది కాదు.

మఱి మార్గమేది? వాడుకొనువారే చందా లిచ్చి, వాడుకొనువారే పని చేసి, వాడుకొనువారే నిబంధనలు వ్రాసికొను సైటులు లోకమున లేకపోలేదు. జర్మనీలో నివసించు యూజెన్ రోఖ్కో అను యువకుడు 2016లో మాస్టడాన్ అను సాఫ్టువేరును వెలువరించెను. దాని మూలము ఎల్లరకును లభ్యము. ఏ సంఘమైనను ఒక సర్వరును అద్దెకు దీసికొని తన సైటును తాను నెలకొల్పుకొనవచ్చును. అట్లయ్యు అది ఒంటరి ద్వీపము గాదు. బెజవాడలో తపాలాపెట్టెలో వేసిన యుత్తరము బెర్లినులో అందినట్లు, ఒక సైటులోని సభ్యుడు వ్రాసినది వేఱొక సైటులోని సభ్యునికి జేరును. 2018 జనవరిలో డబ్ల్యూ3సీ అను ప్రమాణముల సంస్థ యామోదించిన యాక్టివిటీపబ్ నియమావళియే దీని కాధారము. 2017లో పుట్టిన సోషల్.కోప్ అను సైటు సహకారసంఘముగా నడచుచున్నది: సభ్యులు శక్తికొలది చందా లిత్తురు; నిర్ణయములు వోటుచే జరుగును; జమాఖర్చులు బహిరంగముగా నుండును.

ప్రకటనలపై నాధారపడక సభ్యులపై నాధారపడుమని మేము నొక్కి చెప్పుటకు కారణము కలదు. అమెరికాలో 1999లో మాట్ హాహీ స్థాపించిన మెటాఫిల్టరు అను చర్చావేదిక చిరకాలము ప్రకటనల యాదాయముపై జీవించెను. గూగులు తన వెదకు పద్ధతిని మార్చుటతో దర్శకులు తగ్గి, ఆదాయము పడిపోయి, 2014లో పనివారిని తొలగింపవలసివచ్చెను. అప్పుడు దానిని నిలిపినది సభ్యుల విరాళములే. స్వతంత్రమను పేరున్నను, అన్నము పెట్టుచేయి పరులదైనచో ఆ స్వాతంత్ర్య మెన్నినాళ్లు?

ధనమన్నచో లెక్కయు చెప్పవలెను. సర్వరు అద్దె, సభ్యులు చేర్చు చిత్రములను దాచుటకు స్థలము, దినదినము నకళ్లు తీసియుంచుట, పేరునకు ఏటేట కట్టు రుసుము — ఇవి తప్పని వ్యయములు. ఐదువందలమంది సభ్యులు గల సైటు ననుకొందము. అందు నూటికి పదుగురు మాత్రము నెలకు 100 రూపాయల వంతున నిచ్చిన 5,000 రూపాయలగును. పదుగురు ఒకపూట కాఫీహోటలులో వెచ్చించునంతటి సొమ్ముతో ఐదువందలమంది మాటకు నీడ యేర్పడును. ఈయలేనివానికి తలుపు మూయనక్కఱలేదు. ఈయగలిగియు ఈయనివాడు మాత్రము ఆలోచింపవలెను.

అయినను ధనముకంటె దుర్లభమైనది మఱియొకటి కలదు. అది నడపువారి యోర్పు. నడిరేయి ఒక ఫిర్యాదు వచ్చును. ఒకడు వేఱొకని కులమెత్తి దూషించినాడు, అడిగిన, హాస్యమనును. ఒకడు ఒక స్త్రీ ఛాయాచిత్రమును ఆమె యనుమతి లేక ప్రచురించినాడు. ఒక గ్రామమున మతకలహము చెలరేగినదని వదంతి బయలుదేఱినది. తెల్లవాఱులోపల తొలగింపనిచో నిజముగనే చెలరేగవచ్చును. వీని నన్నిటిని విచారించి తీర్పు చెప్పువాడు జీతగాడు గాడు. పగలు తన యుద్యోగము చేసికొని, రాత్రి నిద్ర మాని కూర్చుండు స్వచ్ఛందసేవకుడు. తొలగించిన నిరంకుశుడందురు, తొలగింపనిచో పక్షపాతి యందురు. నోరు మంచిదైన ఊరు మంచిదగును గాని, ఊరివారి నోళ్లన్నిటిని కాచు భారము ఒక్కనిపై బెట్టుట న్యాయమా?

న్యాయము కాదని అనుభవమే చాటుచున్నది. 2022 చివర ట్విట్టరును వీడినవారు వఱదవలె వచ్చినప్పుడు, నెలనెల మాస్టడానులో పాల్గొనువారి సంఖ్య సుమారు 3 లక్షలనుండి 25 లక్షలకు పెరిగెనని రోఖ్కో ప్రకటించెను. ఆ వఱద తరువాత తీసినది. కాని భారము మోసినవారు అలసిరి. 2023 ఫిబ్రవరిలో మాస్టడాన్.లోల్ అను సైటు నడపునతడు, తనపై గురిపించిన ద్వేషమును సహింపజాలక మూసివేయుచున్నానని ప్రకటించెను. వేలకొలది సభ్యులు వేఱు నీడ వెదకుకొనవలసివచ్చెను. అతని నేల నిందింపవలెను? అందఱును పల్లకి యెక్కువారే యైనచో మోయువా రెవరు?

ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చునను సామెతను జూపి, ఇట్టి ప్రయత్నములు నిలువవని నవ్వువారు గలరు. గొఱ్ఱె చచ్చుట ఉమ్మడిదైనందున గాదు, మేపువంతు లేర్పఱుపనందున. మాస్టడాన్ సంస్థ తన జాబితాలో జేరు సైటులకు కొన్ని నియమములు పెట్టినది: జాతి, లింగ ద్వేషములను అరికట్టవలెను; ప్రతిదినము నకలు తీయవలెను; నడపువానికి తోడు మఱియొకనికైన సర్వరు తాళపుచెవి యుండవలెను; మూయదలచినచో మూడునెలల ముందు తెలుపవలెను. ఎంత చిన్న నియమములు! కాని యాహూవంటి మహాకంపెనీ చేయని మేలును ఈ మూడునెలల గడువు చేయును. మఱియు సభ్యుడు తన్ను అనుసరించువారితో గూడ వేఱు సైటునకు తరలిపోవచ్చును. పాతవ్రాతలు వెంటరావు, ఈ లోపమును దాచుట మాకిష్టము లేదు. రోఖ్కో సయితము 2025 జనవరిలో, ఈ వ్యవహారము ఒక్కని చేతిలో నుండరాదని, లాభాపేక్ష లేని సంస్థకు యాజమాన్యమును అప్పగింపబూనుచున్నట్లు తెలిపెను. స్థాపకుడే యంత మాట యనగా, మనము ఒక్క ధర్మాత్మునిపై భారము వేసి నిద్రించుట తగునా?

ఇది మన దేశమునకు విజాతీయమైన పద్ధతి యనువారు మన గ్రంథాలయముల చరిత్రను స్మరింతురుగాక. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది ప్రభుత్వపు సొమ్ముతో గాదు, భాషాభిమానుల పూనికతో. 1914లో బెజవాడలో గ్రంథాలయములవారు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయసంఘమును స్థాపించిరి. ఊరూర పఠనమందిరములు నిలిచినది చందాదారునివలనను, సాయంకాలము తలుపు తీసి దీపము పెట్టిన సేవకునివలనను. దీపము పెట్టువాడు వంతుల ప్రకారము మాఱినచోట మందిరము నిలిచెను. ఒక్కడే పెట్టినచోట అతనితో ఆఱిపోయెను.

చట్టముయొక్క భారమును మఱువరాదు. 2021లో వెలువడి పలుమాఱు సవరింపబడిన సమాచార సాంకేతిక నియమములు ఫిర్యాదుల నధికారిని నియమింపవలె ననియు, గడువులోపల సమాధానమీయవలె ననియు విధించుచున్నవి. యాభైలక్షలకు మించిన సభ్యులుగల కంపెనీలకు అదనపు విధులున్నమాట నిజమే. కాని ఈ ప్రథమ విధి చిన్న సైటుకును తప్పదు. ఇంగ్లండున 2023 నాటి ఆన్‌లైన్ భద్రతా చట్టము 2025 మార్చిలో అమలునకు రాగా, చిన్న చర్చావేదికలు కొన్ని మోయలేక మూసివేతను ప్రకటించినవి. స్వచ్ఛందసేవకునికిని మహాకంపెనీకిని ఒకే కొలత పెట్టిన శాసనము, తెలియకయే కంపెనీకి పీఠము వేయును. మన శాసనకర్తలు దీనిని గమనింతురుగాక.

మేము కోరునది గొప్ప త్యాగము గాదు. చదువరులారా! మీరు ఇట్టి సైటులో సభ్యులైనచో దాని జమాఖర్చు లడుగుడు. చూచి, శక్తికొలది నెలచందా కట్టుడు. వారమున కొక రాత్రి ఫిర్యాదులు చూచు వంతు తీసికొనుడు. రెండవ తాళపుచెవి యెవరి యొద్ద నున్నదో విచారింపుడు. ఎవరియొద్దను లేనిచో మీరే ముందునకు రండు. మీ యూర అట్టి సైటు లేనిచో పదుగురు గూడి ఆరంభింపుడు. చెట్టు నాటినవానికిని, నీరు పోసినవానికిని గాక రచ్చబండ మఱెవరిది?